తొమ్మిదో జోస్యం

పోయిన వారం అడుగుల మాస్టారిని మనం ఆయన ఇంటి గుమ్మం బయటే నిలబెట్టి వచ్చేశాం. చేతిలో నాలుగు మడతల కాగితం, గుండెల్లో రాయి. ఆ రాయి ఎలా పడిందో మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని లోపలికి వెళ్దాం.

మాస్టారు సినిమాలకు అడుగులు వేస్తారు. తెర మీద మనిషి నడుస్తుంటే మనకు వినపడే చప్పుడు చాలాసార్లు షూటింగులో దొరికింది కాదు. తర్వాతెప్పుడో, తలుపులు బిగించిన గదిలో, బొమ్మను చూస్తూ అదే లయలో ఇంకో మనిషి నడిస్తే పుట్టింది. ఆ ఇంకో మనిషి మాస్టారు. ఇరవై ఆరేళ్ళుగా హీరోల కాళ్ళూ దొంగల కాళ్ళూ ఆయనవే. ఏడేళ్ళ కిందట ‘కొలిమి మనిషి’ వచ్చింది. ఒంట్లోంచి నిప్పు పుట్టించగల కార్ఖానా కూలీ కథ. ముసుగు వేసుకుని నడిచే ఆ కూలీకి అడుగులు వేసిందీ ఆయనే. రెండో భాగం కోసం జనం ఏడేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు. విడుదలకు ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

ఇంతలో అభిమానుల పేజీలో ‘బొగ్గుముక్క’ అనే పేరుతో ఎవరో తొమ్మిది జోస్యాలు రాశారు. రెండో భాగంలో ఇదిగో ఇలా జరుగుతుంది చూడండి, అని. కంపెనీ ఉలిక్కిపడింది. స్టూడియోలో అందరూ చాటుగా ‘రహస్యాల మేడమ్’ అని పిలుచుకునే అధికారి సోమవారం మాస్టారిని గదికి పిలిచి, ఆ కాగితం ముందు పెట్టి, “మీతోపాటు ఈ రీళ్ళు ఇంకెవరు చూశారు?” అని అడిగింది. మాస్టారు తన పక్కనే ఇరవై రెండేళ్ళుగా కూర్చున్న రికార్డిస్టు పేరు చెప్పారు. మధ్యాహ్నానికల్లా రికార్డిస్టు తన వస్తువులు అట్టపెట్టెలో సర్దుకుని బయటికి నడిచాడు. సాయంత్రం బస్సులో ఆ కాగితం తీరిగ్గా చదువుతుంటే మాస్టారి కళ్ళు ఒక మాట దగ్గర ఆగాయి. ‘ఈడ్పడుగు’. కుంటివాడు వేసే అడుగుకి ఆయనే పెట్టుకున్న పేరు అది. ఇల్లు దాటి బయట ఎవరికీ తెలియదు.

ఇప్పుడు లోపలికి పదండి.

తలుపు తీసే ఉంది. అమ్మలు వంటింటి బల్ల మీద పుస్తకాలు పరుచుకుని నోట్సు రాసుకుంటోంది. డిగ్రీ మొదటి సంవత్సరం. వాళ్ళమ్మకు బస్సు డిపోలో డ్యూటీ, ఎనిమిది దాటితే గానీ రాదు. నడవాలో గోడ వారగా పద్నాలుగు జతల బూట్లు వరసగా ఉన్నాయి. అవన్నీ మాస్టారివే, వాటిలో ఒక్క జతా ఆయన బయటికి వేసుకెళ్ళేది కాదు.

“బొగ్గుముక్క ఎవరు?” అన్నారు మాస్టారు. చెప్పులు కూడా విప్పలేదు.

కలం ఆగింది. అమ్మలు తలెత్తింది. ఆ మొహంలో భయం కోసం వెతికారు మాస్టారు. కనపడలేదు. కళ్ళు రెండూ దీపాల్లా వెలిగాయి.

“నీకెలా తెలిసింది? చదివావా నాన్నా? నిజం చెప్పు, ఎన్ని కరెక్టు?”

మాస్టారు కాగితాన్ని బల్ల మీద కొట్టారు. నీళ్ళ గ్లాసు ఒరిగి నోట్సు తడిసింది. కూతురి మీద ఆయన ఎన్నడూ గొంతు పెంచింది లేదు. గొంతు పెంచకూడదన్నది ఆయన వృత్తిలోనే ఉంది. ఊపిరి కూడా గట్టిగా పీల్చకూడని గదిలో బతుకు గడిపిన మనిషి.

“నా సంచి తీశావా? పెన్‌డ్రైవు చూశావా? ఎప్పుడు చూశావ్? నేను నిద్రపోయాకా?”

“ఏ సంచి?”

“నాటకాలాడకు. నేను సంతకం పెట్టిన మనిషిని. ఒక్క ముక్క బయటికి పోతే జన్మలో ఇంకో సినిమా చేయనివ్వరు. తెలుసా నీకు?”

“నీ సంచి నేను ముట్టుకోలేదు.” అమ్మలు మొహం ఎర్రబడింది. తడిసిన నోట్సు వైపు చూడను కూడా చూడలేదు. “నేను దొంగననుకున్నావా? ఏడేళ్ళు నాన్నా. ఆ సినిమా నేను ముప్పైసార్లు చూశా. అవన్నీ నేను ఆలోచించి రాసినవి. ఒక్కోదానికీ కారణం ఉంది. అడుగు, చెప్తా.”

“కుంటివాడై తిరిగొస్తాడని నీకెవరు చెప్పారు?”

“నువ్వే.”

“నేనా!”

“పోయిన వేసవంతా ఈ నడవాలో ఇనప లాడం కొట్టిన బూటు ఎడమ కాలికి వేసుకుని ఈడ్చుకుంటూ తిరిగావు కదా. అమ్మ నెత్తి మీద సుత్తితో కొట్టినట్టుందని గోల పెట్టింది. అప్పుడు నీ చేతిలో ఉన్న సినిమా అదొక్కటే. ఇంక కుంటేది ఎవరు?”

మాస్టారు కాగితంలో తర్వాతి జోస్యం మీద వేలు పెట్టారు.

“సరే. మంచు?”

“ఆరు ప్యాకెట్లు మొక్కజొన్న పిండి తెమ్మన్నావు. తోలు సంచిలో పోసి పిసికితే మంచులో నడిచినట్టుంటుందని నాకు పదేళ్ళప్పుడు నువ్వే చూపించావు. గుర్తులేదా? నేను నా వేళ్ళతో నడిపించాను.”

“చిన్నపిల్ల ఉంటుందని...”

“అటక మీంచి నా పాత బూట్లు దింపావు. అయిదేళ్ళప్పటివి. చేతులకు తొడుక్కుని, నీ పెద్ద బూట్ల పక్కన నడిపిస్తూ కూర్చున్నావు. అంటే వాడి పక్కన ఒక పిల్ల నడుస్తుంది. పరిగెత్తదు, ఏడవదు. పక్కనే నడుస్తుంది. అందుకే వాడికి కూతురు లాంటిదన్నాను.” అమ్మలు గొంతులో ఇంకా కోపం ఉంది గానీ చెప్పే కొద్దీ ఉత్సాహం దాన్ని తోసేస్తోంది. “వాడికి నిప్పు పోతుందన్నానే, అది మాత్రం చాలా కష్టపడ్డా. మొదటి భాగానికి నువ్వు పెనం కాల్చి తడిగుడ్డ వేసి సుయ్‌మనిపించేవాడివి. ఇల్లంతా పొగ. ఈసారి ఒక్కసారి కూడా పెనం అడగలేదు. ఎందుకడగలేదు? రెండు నెలలు ఆలోచించాను.”

మాస్టారు కుర్చీ లాక్కుని కూలబడ్డారు. కోపం కాళ్ళ మీంచి నేలలోకి జారిపోయినట్టయింది. ఈ పిల్లకు ఆయన ఒక్క సీను చెప్పలేదు. భోజనాల దగ్గర సినిమా మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవారు. నోటికి అంత గట్టిగా తాళం వేసుకున్నాననుకుని, పోయిన వేసవి నుంచీ ఆ సినిమానంతా ఈ పది గజాల నడవాలో నడిచి చూపించారన్నమాట.

“నువ్వు ఏం చెప్పవు నాన్నా,” అంది అమ్మలు మెల్లగా. “నేను వింటానంతే.”

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు మాస్టారు పొంగిపోయేవారు. చెవి ఉన్న పిల్ల అని ఊరంతా చెప్పుకునేవారు. ఇప్పుడు మాత్రం రెండు చేతులతో మొహం కప్పుకున్నారు.

“మీ రికార్డింగ్ బాబాయిని ఇవాళ పంపించేశారు.”

“పంపించేయడమేంటి?”

“ఉద్యోగంలోంచి తీసేశారు. ఈ కాగితం రాసింది ఆయన మనుషులేనన్నారు.”

అమ్మలు కుర్చీలోంచి లేచింది. రికార్డింగ్ బాబాయి అంటే దానికి ప్రాణం. చిన్నప్పుడు స్టూడియోకి వెళ్తే తన హెడ్‌ఫోన్లు దీని తలకు పెట్టి, బియ్యం గింజలు ఒక్కొక్కటే పళ్ళెంలో వేస్తూ వాన కురిపించేవాడు.

“నేనొచ్చి చెప్తా. ఇప్పుడే వెళ్దాం పద. బొగ్గుముక్క నేనే, బాబాయికేం సంబంధం లేదని చెప్తా. నన్నేం చేస్తారు? వాళ్ళు ఆయన్నే ఎందుకనుకున్నారు? ఆయన పేరు ఎవరు చెప్పారసలు?”

మాస్టారు వంగి చెప్పులు విప్పసాగారు.

“ఎవరు చెప్పారు నాన్నా?”

గోడ మీద గడియారం ముల్లు కదులుతున్న చప్పుడు ఇద్దరికీ వినపడుతోంది. ఆ ఇంట్లో ఇద్దరి చెవులూ అలాంటివి.

“ఇంకెవరు చూశారని అడిగింది. గదిలో ఉండేది మేమిద్దరమే. ఆయన పేరు చెప్పాను. నా ఒక్కడి పేరే మిగిలితే ఎలాగని... భయపడ్డాను అమ్మలూ.” మాస్టారు తల ఎత్తలేదు. “ఆయన పెట్టె పట్టుకుని పోతూ నా గది దగ్గర ఆగాడు. తిడతాడనుకున్నా. ‘మోకాళ్ళు జాగ్రత్త మాస్టారూ, తడి ఇసక మీద ఎక్కువసేపు చెయ్యకండి’ అని వెళ్ళిపోయాడు.”

అమ్మలు చాలాసేపు తండ్రిని చూసింది. ఆ చూపును భరించడం కన్నా అది నాలుగు మాటలు అనేస్తే నయమనిపించింది ఆయనకు. అది తడిసిన నోట్సు తీసి దులిపి, బల్ల తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

“అన్నీ కరెక్టేనా?” అంది చివరికి, అటు తిరిగే. ఈ మాటలో ఇందాకటి వెలుగు లేదు.

“ఎనిమిది.”

“తొమ్మిదోది?”

“తప్పు.”

అమ్మలు గిరుక్కున తిరిగింది. “అదెలా తప్పవుతుంది? అన్నిట్లోకీ దాని మీదే నాకు గట్టి నమ్మకం.”

కాగితం అందుకుని పైకి చదివింది. “తొమ్మిది. వంతెన సీను తర్వాత ముసుగులో ఉండేది పాత మనిషి కాదు. చూడ్డానికి అలాగే ఉంటాడు, నడక వేరు. కొత్తవాడు పాతవాడిలా నటిస్తుంటాడు. పాతవాడు ఏమయ్యాడో సినిమా అయిపోయేదాకా ఎవరూ చెప్పరు.”

“కథలో అలాంటిదేం లేదు. ముసుగులో మొదటి నుంచి చివరిదాకా ఒకడే. కొలిమి మనిషే. నేను రీళ్ళన్నీ చూశాను.”

“మరి నువ్వు నడక ఎందుకు మార్చావు?” అమ్మలు నడవాలోకి వెళ్ళి, వరసలోంచి బరువు బూట్లు లాగి కాళ్ళకు తొడుక్కుంది. “పోయినసారి నుంచీ కొలిమి మనిషి ఇలా నడుస్తాడు. కుడి మడమ ముందు పడుతుంది. బరువంతా దాని మీదే. బొటనవేలు కొంచెం బయటికి. ధప్, ధప్. ఈసారి కుంటుతూ వచ్చినా కుడికాలు అదే కాలు. ఇదే కదా? నువ్వు వానలు మొదలయ్యేదాకా ఇలాగే నడిచావు. చివర్లో నడవాలో చెక్కపలకలు పరిచి వాటి మీద పరిగెత్తావు, అందుకే వంతెన అన్నాను. తర్వాత ఒకరోజు నడుస్తూ నడుస్తూ విసుక్కున్నావు. ‘వీడేంటి మునివేళ్ళ మీద పిల్లిలా నడుస్తున్నాడు’ అన్నావు. అప్పట్నుంచి అడుగు తేలిపోయింది. నేను విన్నాను. ఒక మనిషి నడక అలా మారదు నాన్నా, అది నువ్వే చెప్పావు.”

మాస్టారు ఆ బూట్లనే చూస్తూ ఉండిపోయారు. పిల్ల చెప్పింది నిజం. వంతెన సీను తర్వాత రీళ్ళలో ముసుగు మనిషి నడక మారింది. అందులో వింతేముందనుకున్నారాయన. ముసుగు వేసుకుని దూకేదీ, పరిగెత్తేదీ, దెబ్బలు తినేదీ హీరో కాదు. డూప్ అది. హీరో ముసుగు తీసినప్పుడే వస్తాడు. డూప్‌ను మార్చుకున్నారేమో, వీలు కుదరలేదేమో అనుకుని, కొత్త నడక పట్టుకోవడంలో పడిపోయారు.

కాగితాన్ని తన వైపు తిప్పుకున్నారు. రహస్యాల మేడమ్ ఇచ్చిన నకలు అది. మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒకే ఒక్క చోట, రెండు గీతలు కొట్టి ఉన్నాయి. నిజమైన ఎనిమిదింటి మీద ఎక్కడా చుక్క కూడా లేదు. గీతలు తొమ్మిదో దాని కింద ఉన్నాయి.

తప్పయిన జోస్యానికి కంపెనీ ఎందుకు భయపడుతుంది?

అప్పుడు గుర్తొచ్చింది మాస్టారికి, ఆ ముడి ముక్క.

వంతెన సీను మొదటిసారి ఎడిటింగ్ గది నుంచి వచ్చినప్పుడు హడావుడిగా, కోతలు లేకుండా వచ్చింది. మొదట క్లాప్ పలక, దాని మీద సుద్దతో తేదీ. పన్నెండు. అమ్మలు పుట్టినరోజు తేదీ కాబట్టి కళ్ళకు పట్టింది. ముసుగు మనిషి వంతెన అంచుకు పరిగెత్తి దూకాడు. కింద నీళ్ళేం లేవు, ఆకుపచ్చ గుడ్డ పరిచిన లోతు. నడుముకి తీగ. దూకాక కెమెరా ఖాళీ అంచునే చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. ఫ్రేములోకి ఇద్దరు మనుషులు అడ్డదిడ్డంగా పరిగెత్తి వచ్చారు. బొమ్మ ఆగిపోయింది. ఆ ముక్కకు షూటింగు నాటి శబ్దం కూడా ఉంది, కానీ అది వినపడింది రికార్డిస్టు హెడ్‌ఫోన్లలోనే. ఆయన హెడ్‌ఫోన్లు ఒక్క లాగు లాగి బల్ల మీద పడేసి, బయటికి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“ఏమైంది?” అని అడిగారు మాస్టారు.

“ఏం లేదు మాస్టారూ. గోల. చెవులు పగిలిపోయాయి.”

వారం తర్వాత అదే సీను మళ్ళీ వచ్చింది. పొట్టిగా, శబ్దం లేకుండా, దూకడం దగ్గరే తెగిపోయి. మనిషి నీళ్ళలో పడ్డ చప్పుడు కావాలన్నారు. మాస్టారు తడి ఇసక బస్తాను తొట్టెలోకి ఎత్తి వేశారు. తొమ్మిదిసార్లు. తొమ్మిదోది డైరెక్టరుకి తెగ నచ్చింది. భుజం తట్టి, “నిజంగా మనిషి పడ్డట్టే ఉంది” అన్నాడు.

మాస్టారికి ఇప్పుడు అర్థమైంది. నిజంగా పడ్డ మనిషి చప్పుడు తీసేసి, ఆ ఖాళీలో తన ఇసక బస్తా పెట్టించారు. స్టూడియోలో ఆ చప్పుడు విన్నది ఒక్కడే. ఆ ఒక్కడి పేరే తన నోటితో చెప్పారు. రికార్డిస్టును కథ బయటికి పోయిందని పంపలేదు. వంక కావలసి వచ్చింది, ఆ వంకను బొగ్గుముక్క రాసిచ్చింది, మాస్టారు అందించారు.

ఇదంతా కూతురికి చెప్పారు. దాచడానికి ఇంక ఏం మిగిలింది? వింటూ వింటూ అమ్మలు బూట్లు విప్పేసింది, కాలుతున్నవాటిని విప్పినట్టు.

“నేను కథ అనుకున్నా నాన్నా,” అంది. “ఎవరికైనా నిజంగా... నేను ఊరికే కథ అనుకుని రాశాను.”

“నీకెలా తెలుస్తుందమ్మా.”

“కాదు, నీకొకటి చెప్పాలి.” అమ్మలు ఫోన్ తీసి వెతికింది. “జోస్యాల కింద మూడు వేల కామెంట్లొచ్చాయి. సగం తిట్లు, సగం పొగడ్తలు. ఒకావిడ మాత్రం నాకు విడిగా రాసింది. అయిదు రోజులైంది. పిచ్చి అభిమాని ఎవరో ఆటపట్టిస్తోందనుకున్నా. జవాబివ్వలేదు.”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు.

‘బొగ్గుముక్క గారికి. తొమ్మిదోది మీకెవరు చెప్పారు? కొలిమి మనిషి ముసుగులో ఉండేది మా ఆయన. ఎనిమిది నెలలుగా ఇంటికి రాలేదు. షూటింగు వేరే దేశంలో ఉంది, రహస్యం కాబట్టి ఫోన్లు వాడనివ్వరు అని కంపెనీవాళ్ళు చెప్పారు. వారానికోసారి మెసేజ్ వస్తుంది. బాగున్నాను, పాప జాగ్రత్త అని. మా ఆయన పెద్దగా చదువుకోలేదండి. రెండు లైన్లు రాస్తే నాలుగు తప్పులుంటాయి. ఈ మెసేజుల్లో ఒక్క తప్పూ లేదు. ఆయన నడక మారిందని మీరు రాశారు. ఎక్కడిదాకా ఆయన నడిచాడో చెప్తే చాలు.’ కింద ఫోన్ నంబరు.

మాస్టారు రెండుసార్లు చదివారు. ఆ మడమ, ఆ బయటికి తిరిగిన బొటనవేలు ఏడేళ్ళుగా తన కాళ్ళలో ఉన్నాయి. దాని వెనక ఒక ఇల్లుందనీ, పాప ఉందనీ ఒక్కరోజు కూడా తోచలేదు.

“చెయ్యి,” అన్నారు.

రెండో రింగుకే ఎత్తారు.

“బొగ్గుముక్క గారా?” ఆడగొంతు. ఈ ఫోను కోసమే కూర్చున్నట్టుంది.

“కాదమ్మా. వాళ్ళ నాన్నని. సినిమాలో మీ ఆయన అడుగులు వేసేది నేనే.”

“వెయ్యడమేంటండీ? ఆయన అడుగులు ఆయన వెయ్యడా?”

చప్పుడు ఎలా పుడుతుందో ఈవిడకు ఇప్పుడు వివరించడం ఎలా? “మీ ఆయన నడిచిన చివరి సీను నేను చూశానమ్మా,” అన్నారు. “వంతెన మీద. తేదీ పన్నెండు. ఆ తర్వాత వచ్చిన వాటిల్లో ఆయన లేడు. అంతవరకే నాకు తెలిసింది. అబద్ధం చెప్పను.”

అవతల నిశ్శబ్దం. మాస్టారు చాలా రకాల నిశ్శబ్దాలు విన్నారు. మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నప్పుడు వచ్చేది ఇది.

“పన్నెండా?” అంది ఆవిడ. “కాదండీ. ఆ నెల పద్నాలుగో తారీఖున ఆయన నాకు ఫోన్ చేశాడు.”

“ఆయనేనా? గొంతు ఆయనదేనా?”

“మొగుడి గొంతు నాకు తెలీదా? ఏదో కొత్త నంబరు నుంచి చేశాడు. మాట ముద్దముద్దగా ఉంది. ‘నా కాళ్ళు ఎక్కడ పెట్టారో వీళ్ళని అడుగు’ అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే మాట. నా కాళ్ళు ఎక్కడ పెట్టారో అడుగు, నా కాళ్ళు ఎక్కడ పెట్టారో అడుగు. తాగి వాగుతున్నాడనుకున్నానండీ. పాపకి జొరంగా ఉంది ఆ రోజు. చిరాకేసి పెట్టేశాను. మర్నాడే మెసేజ్ వచ్చింది, నిన్న తమాషాకి అన్నాను, ఇకపై ఫోన్లు కుదరవు అని. ఒక్క తప్పు లేకుండా.”

అమ్మలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గోడకు జారగిలబడింది.

“ఆ నంబరు ఉందా అమ్మా?”

“ఉంది. ఎన్నిసార్లో నొక్కబోయి ఆగిపోయాను. అవతల ఏం వినాల్సొస్తుందోనని. మీరు చెయ్యండి. మీరు విని నాకు చెప్పండి.”

మాస్టారు ఆ తడి నోట్సు అట్ట మీదే నంబరు రాసుకున్నారు. వెనక పాప ఏడుపు వినపడింది. ఆవిడ ఉండండి అని కూడా అనకుండా పెట్టేసింది.

అమ్మలు కన్నా ముందు మాస్టారే నొక్కారు. మోగుతోంది. మోగుతూనే ఉంది. ఆగిపోయింది. మళ్ళీ నొక్కారు. ఆరో రింగు దగ్గర ఎవరో ఎత్తి, మాట్లాడకుండా రిసీవర్ ఎక్కడో పెట్టి ఇంకెవరితోనో ఏదో అంటున్నారు. మాస్టారు కళ్ళు మూసుకుని చెవి ఆనించారు. రబ్బరు చక్రాలు గచ్చు మీద దొర్లుతున్నాయి. ఇనప పళ్ళెంలో ఏదో పడింది. కొంచెం దూరంగా, రెండు లయల్లో, మిషన్ల కూత. పొడవాటి గది అది, ఎత్తయిన కప్పు, పరదాలు లేవు. స్టూడియో కాదు, ఆఫీసు అసలే కాదు.

“హలో, వార్డు,” అంది ఒక పెద్దావిడ గొంతు. “చెప్పండి. ఏ పేషెంటు?”

మాస్టారు ఏడేళ్ళు ఆ మనిషి బరువును కాళ్ళలో మోశారు. పేరు తెలియదు. టైటిల్స్‌లో ఎప్పుడూ వేయలేదు, మాస్టారూ ఎప్పుడూ అడగలేదు. ఇందాక ఫోన్లో కూడా అడగాలని తట్టలేదు.

“పేరు... పేరు తెలీదండీ. ఎనిమిది నెలల కిందట తెచ్చి ఉంటారు. ఎత్తు మీంచి పడ్డ మనిషి.”

అవతల చక్రాల చప్పుడు ఆగింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి గొంతు బాగా తగ్గించింది.

“కిటికీ పక్క మంచం ఆయనా? పేరు రాయొద్దని, ఫోన్ ఇవ్వొద్దని కాగితం పెట్టారు. ఇన్నాళ్ళకి ఆయన కోసం చేసింది మీరొక్కరే. రేపు పొద్దున్నే ఇక్కడినుంచి తీసుకుపోతున్నారు, ఎక్కడికో నాకూ చెప్పలేదు. తొందరగా చెప్పండి, మీరు ఆయనకేమవుతారు?”